ఎనిమిదో దశాంశ స్థానం

తిరుపతిలో గుండును ఎవరూ వింతగా చూడరు. మగవాళ్ళదైనా, ఆడవాళ్ళదైనా, చంటిబిడ్డలదైనా మా ఊళ్ళో గుండు గుండే. జనానికి తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఏం మొక్కు అని. రెండేళ్ళ కిందట నేను గుండు మీద గంధం పూసుకుని కాలేజీకి బయల్దేరిన రోజు, వీధి మలుపులో కూరగాయలామె తోపుడుబండి ఆపి మరీ అడిగింది.

"ఏం మొక్కు మేడం? పాప పరీక్షలదా?"

"కాదు. ఒక లెక్క తేలితే తల ఇస్తానని మొక్కుకున్నా."

"భూమి లెక్కా? తేలినాదా?"

"తేలింది."

"అంతే సాలు. గెట్టు తగాదాలు సానా సెడ్డవి మేడం," అంటూ రెండు కొత్తిమీర కట్టలు నా సంచిలో ఊరికే వేసింది.

నేను ఆమెను సరిదిద్దలేదు. సరిదిద్దాలంటే అంతులేని కూడిక గురించి చెప్పాలి, అది చెప్పేసరికి మొదటి పీరియడు అయిపోతుంది. పైగా ఆమె చెప్పింది పూర్తిగా తప్పు కూడా కాదు. నాది వైశాల్యాల తగాదాయే.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా పనిలో లెక్క చేయడం కంటే జవాబు పట్టుకోవడం ముఖ్యం. ప్రశ్న కింద నాలుగు ఆప్షన్లుంటాయి. రెండు దశాంశ స్థానాల దాకా విలువ కడితే ఏ ఆప్షన్ సరిపోతుందో తెలిసిపోతుంది. సరిపోయినదానికి టిక్ పెట్టి ముందుకు పోవాలి. "మూడో స్థానం దాకా పోయినవాడు తరవాతి ప్రశ్న దాకా పోడు" అని క్లాసులో నేనే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఒక సూత్రం చెప్పేటప్పుడు దాని చివర వచ్చే శేష పదాన్ని, అంటే సూత్రం వదిలేసిన ఆ చిటికెడు తేడాను, బోర్డు మీద రాయడం కూడా మానేశాను. దానికి మార్కులుండవు.

ఎమ్మెస్సీలో నేను ఇట్లా ఉండేదాన్ని కాదు. యూనివర్సిటీలో మాకు ఒక మేడం ఉండేది, చిత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, సుద్దముక్క ఎప్పుడూ చిన్నది. ఒకరోజు బోర్డు మీద ఒకటి, దాని పక్కన నాలుగో వంతు, తొమ్మిదో వంతు, పదహారో వంతు, ఇట్లా అంతం లేకుండా కూడుకుంటూ పోతే ఎంతొస్తుందో రాసింది. వృత్తాల లెక్కల్లో వచ్చే పై, అదే 3.14, దాని వర్గాన్ని ఆరుతో భాగిస్తే ఎంతో అంత. రాసి మా వైపు తిరిగి, "ఈడ గుండ్రంగా ఏముండాదని పై వచ్చినాది?" అని అడిగి కుర్చీలో కూర్చుంది. నాకు ఆ పూట అన్నం తినాలనిపించలేదు. వృత్తం అన్నది ఎక్కడా లేని చోట పై ఎందుకొచ్చిందో తెలియకపోతే నా జీవితం ఎట్లా గడుస్తుందా అనిపించింది.

తరవాతి వారమంతా ఆమె ఆ విద్య నేర్పింది. కూడికలోని ఒక్కో పదాన్నీ ఒక వక్రరేఖ కింది చిన్న వైశాల్యంగా మార్చుకోవాలి. ఆ వక్రరేఖలన్నింటినీ కలిపి ఒకే వక్రరేఖ చేయాలి. అప్పుడు అంతులేని కూడిక ఒక్క సమాకలని అవుతుంది, ఒక్క వైశాల్యం అవుతుంది. దాన్ని కట్టగలిగితే కూడికకు పొట్టి రూపంలో విలువ దొరుకుతుంది. దాన్నే క్లోజ్డ్ ఫార్మ్ అంటారు. కొన్నిసార్లు ఆ వైశాల్యం మనకు తెలిసిన ఏ ప్రమేయానికీ లొంగదు. అప్పుడు దానికే కొత్త పేరు పెట్టి, దాని గుణాలు తెలుసుకుని, ఇంట్లో మనిషిలాగా చూసుకుంటారు. ఆమె దగ్గరే పీహెచ్‌డీకి చేరాను. చేరిన ఏడాదికి ఈ ఉద్యోగం వచ్చింది, పాప పుట్టింది. సెలవుల్లో వస్తానని చెప్పి వచ్చేశాను. పదిహేడేళ్ళ పాటు సెలవులు వస్తూనే ఉన్నాయి, నేనే వెళ్ళలేదు.

రెండేళ్ళ కిందట ఆమె ఉన్నట్టుండి ఫోన్ చేసింది. తనకు రిటైర్‌మెంట్ దగ్గరికొచ్చిందనీ, పీహెచ్‌డీకి కొత్త విద్యార్థిని తీసుకోవడానికి ఆ ఏడాదే ఆఖరనీ, ఒక చోటు ఉందనీ చెప్పింది. "అడిగేవాళ్ళు నలుగురుండారు. డిపార్ట్‌మెంట్‌లో కాలేజీ లెక్చరర్లకు ఒకరోజు సభ పెడతా ఉండాము. నీ సొంత లెక్క ఏదన్నా ఉంటే పదిహేను నిమిషాలు వచ్చి చెప్పు. సూస్తా," అంది. ఆ చోటు నాకు కావాలి. ఎంత కావాలో అప్పటిదాకా నాకే తెలియదు.

సొంత లెక్క ఒకటి అప్పటికే నా దగ్గర ఉంది. అది ఇన్విజిలేషన్ డ్యూటీలో పుట్టింది. మూడు గంటలు నిలబడి ఉండాలి, పుస్తకం చదవకూడదు, ఫోన్ చూడకూడదు. ఆ రోజు స్టాటిస్టిక్స్ పరీక్ష. పిల్లలు గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్ గీస్తున్నారు. మధ్యలో ఎత్తుగా, అటూ ఇటూ వాలుతూ పోయే కొండ. ఆ కొండ కింది వైశాల్యం ఎంతో అందరికీ తెలిసిందే, పైని రెట్టింపు చేసి తీసిన వర్గమూలం, మా మాటల్లో రెండు పై వర్గమూలం. ఒక అమ్మాయి ఆ ఒంపు గీయడం రాక, కొండకు బదులు స్కేలుతో ఒక్కో అంగుళానికీ ఒక్కో నిలువు పట్టీ నిలబెట్టింది. మధ్యలో ఎత్తైన పట్టీ, పక్కన పొట్టివి, ఇంకా పొట్టివి. నేను ఆమె వెనక నిలబడి అనుకున్నాను, కొండను వదిలేసి ఈ పట్టీలనే కూడితే ఎంతవుతుంది?

స్టాఫ్‌రూమ్‌కు వచ్చి పట్టీల ఎత్తులు కట్టి కూడాను. మధ్య పట్టీ ఎత్తు 1. దాని పక్కది 0.60653066. ఆ పక్కది 0.13533528. ఆ తరవాత చాలా వేగంగా తగ్గిపోతాయి, ఆరో పట్టీకి దశాంశ బిందువు పక్కన ఏడు సున్నాలు. రెండు వైపులా ఉన్నాయి గనక రెట్టింపు చేసి మధ్యది కలిపాను. 2.50662830 వచ్చింది. రెండు పై వర్గమూలం 2.50662827. ఏడు స్థానాలకు కుదించి రాస్తే రెండూ 2.5066283. ఒక్క అంకె తేడా లేదు. ఎనిమిదో స్థానంలో మూడు తేడా ఉంది నిజమే, కానీ నేను ప్రతి సంఖ్యనూ ఎనిమిదో స్థానం దగ్గర కోసేసి, ఆపైన రెట్టింపు చేశాను. ఆ పాటి తేడా కోతల వల్ల వస్తుంది. అంటే మొరటుగా నిలబెట్టిన పట్టీల కూడిక, నున్నటి కొండ వైశాల్యంతో సరిగ్గా సమానం! అంతులేని కూడికకు క్లోజ్డ్ ఫార్మ్ ఒక్క వర్గమూలం. నేను టిక్ పెట్టేశాను.

విలువ దొరికింది, రుజువు దొరకలేదు. నాలుగు నెలలు తిరిగాను. మా ఆయన ఘాట్ రోడ్డులో తిరుమల బస్సు నడుపుతాడు. ఒకరోజు ఆయనకు క్యారియర్ ఇవ్వడానికి అలిపిరికి వెళ్ళి, బస్సు కొండ దిగి వచ్చేదాకా ఎండలో నిలబడి ఉన్నాను. పైకి నడిచేవాళ్ళు మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతున్నారు. అక్కడే మనసులో అనుకున్నాను, స్వామీ, ఈ కూడిక తేలితే నా తల నీకిస్తాను అని. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది. బిడ్డల కోసం, ఆరోగ్యం కోసం, వీసాల కోసం మొక్కుకునే చోట నేనేమిటి ఇట్లా అడుగుతున్నానని. కానీ అడిగాను గదా, వెనక్కి తీసుకోలేదు.

సరిగ్గా పద్నాలుగు రోజులకు రుజువు దొరికింది. ఎమ్మెస్సీలో చదివిన ఒక సవరణల సూత్రం గుర్తొచ్చింది. పట్టీల మొత్తానికీ వైశాల్యానికీ మధ్య తేడాను అది సవరణల వరసగా ఇస్తుంది. ప్రతి సవరణా వక్రరేఖ రెండు చివర్ల దగ్గరి వాలు మీద ఆధారపడుతుంది. నా కొండ రెండు చివర్లా అనంత దూరంలో నేలకు అంటుకుపోతుంది. అక్కడ వాలు సున్నా. వాలు మారే వేగం సున్నా. అన్నీ సున్నాలే. మొదటి సవరణ సున్నా, రెండోది సున్నా, వందోది సున్నా. తేడా అంతా సున్నాల మొత్తం. నేను ఏడ్చాను, నిజం చెబుతున్నాను. సభకు ఇంకా నెల ఉండగానే సారాంశం ఒక పేజీ రాసి మేడంకు పంపించాను.

ఇక మొక్కు. మా ఆయన విని నవ్వలేదు గానీ, గడ్డం గోక్కున్నాడు.

"మూడు కత్తెర్లు ఇస్తే సాలు గదమే. ఆడోళ్ళు శానామంది అంతే ఇస్తారు."

మూడు కత్తెర్లంటే జడ చివర మూడుసార్లు కత్తిరించి ఇచ్చేయడం. తలనీలాల లెక్కలో అదీ చెల్లుతుంది.

"మూడు కత్తెర్లు ఉజ్జాయింపు. నేను మొక్కింది మొత్తం."

"దేవుని దగ్గర గూడా దశాంశాలేనా నీకు?"

"అవును. అంతా ఇస్తానన్నా, అంతా ఇస్తా."

నాకు కోపం వస్తే ఎవరి మాటా వినను. మూడు వారాలకు కాలేజీకి సెలవు దొరికింది, అలిపిరి నుంచి మెట్లెక్కి పోయాను. కల్యాణకట్టలో నాకు గుండు చేసినామె చేయి చాలా తేలిక. నా జుట్టు నడుము కిందికి ఉండేది. అది ఒడిలో పడుతుంటే బాధేమీ లేదు, గర్వంగా ఉంది. ఈ కొండ మీద ఒక కూడిక కోసం గుండు కొట్టించుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటానని కూడా అనుకున్నాను. కిందికి వచ్చేటప్పుడు మా ఆయన బస్సులోనే వచ్చాను. అద్దంలో నన్ను చూసి ఆయన నవ్వు ఆపుకోలేక రెండు మలుపులు చాలా నిదానంగా తిప్పాడు.

స్టాఫ్‌రూమ్‌లో మొక్కు సంగతి అర్థం చేసుకోగలిగినవాడు ఫిజిక్స్ సార్ ఒక్కడే. నేను చేరినప్పటి నుంచీ పక్కపక్క కుర్చీలు మావి. లెక్కల వాళ్ళు అనవసరంగా ప్రాణాలు తీసుకుంటారని ఆయన నమ్మకం. విషయమంతా విన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఎన్ని స్థానాలు కావాల మేడం?"

"ఇరవై వేయండి. సరదాగా."

వేశాడు. రెండు వరసలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పట్టీల మొత్తం 2.50662828804. రెండు పై వర్గమూలం 2.50662827463. తోక ఇంకా ఉంది గానీ చూడక్కర్లేదు. ఏడు స్థానాలు ఒకటే. ఎనిమిదోది పైన ఎనిమిది, కింద ఏడు.

"ఇది వేరే మేడం. అది వేరే," అన్నాడు మెల్లగా.

"మిషన్ తప్పు."

ఆయన యాభై స్థానాలకు మళ్ళీ వేశాడు. ఎనిమిది ఎనిమిదిగానే ఉంది, ఏడు ఏడుగానే ఉంది. ఆ క్షణంలో నాకు దేవుడి మీద కోపం రాలేదు, ఫిజిక్స్ సార్ మీద వచ్చింది. ఆ తరవాత నా మీద వచ్చింది. సవరణలన్నీ సున్నాలని రాసి, ఆ సూత్రం చివర ఉండే శేష పదాన్ని నేను చూడనే లేదు. ఇన్నేళ్ళుగా బోర్డు మీద రాయనిది నా కాగితం మీదికి మాత్రం ఎట్లా వస్తుంది? మార్కులు లేనిది కదా అది. సున్నాలన్నింటి వెనకా ఆ చిటికెడు తేడా నక్కి కూర్చుంది.

సభ ఇంకా ఆరు రోజులుంది. తల మీద జుట్టు లేదు, చేతిలో లెక్క లేదు. జ్వరమని చెప్పి మానేయవచ్చు. లేదా ఉన్నదున్నట్టు చెప్పేయవచ్చు. పదిహేను నిమిషాల సభలో ఎనిమిదో స్థానం దాకా ఎవరు పోతారు? ఆ ఆలోచన నాకు వచ్చిందని దాచను. ఒక పూటంతా ఉంది కూడా. ఆ చోటు మీద నాకు అంత ఆశ.

నన్ను ఆపింది మంచితనం కాదు, దురద. ఆ తేడా ఎంత? 0.0000000134. అంత చిన్నది ఎక్కడి నుంచి వచ్చింది? కోతల తప్పు కాదు, మిషన్ తప్పు కాదు. తేడా సున్నా అయినా అర్థమయ్యేది, పెద్దదైనా అర్థమయ్యేది. ఏడు స్థానాలు నమ్మించి ఎనిమిదో దాంట్లో ఎందుకు వదిలేయాలి? మర్నాడు ఖాళీ పీరియడులో దాన్ని వర్గమూలంతో భాగించాను. కొండకు రెండు వైపులున్నాయి గనక సగం చేశాను. ఇంత చిన్న సంఖ్యను అట్లాగే చూస్తే ఏమీ తెలియదు, అందుకని లాగరిథమ్ తీశాను. మైనస్ 19.739 వచ్చింది. కాగితం మీద రాసుకుని చూస్తూ కూర్చున్నాను. పక్కనుంచి ఫిజిక్స్ సార్ తొంగి చూశాడు.

"రెండు పై స్క్వేర్ కదా మేడం అది."

"ఏది?"

"9.87 ఇంటూ రెండు. మేము లోలకం లెక్కల్లో గురుత్వానికి బదులు పై స్క్వేర్ వేసి కొట్టేస్తాం గదా. ఆ అంకె నాకు నిద్రలో గూడా తెలుస్తాది."

పై వర్గానికి రెట్టింపు. గుండ్రంగా ఏమీ లేని చోట మళ్ళీ పై. అప్పటిదాకా ఆ తేడా నాకు తప్పు. అప్పటి నుంచి అది ఒక మనిషి ముఖంలాగా కనబడసాగింది. ఎవరిదో తెలుసుకోవాలి.

ఆదివారం పొద్దున మా ఆయనకు డ్యూటీ లేదు. దోసెలు తింటూ సంగతంతా విన్నాడు. లెక్క ఆయనకు పట్టదు గానీ నా ముఖం పడుతుంది. ఆరోజు ఆయన మాట్లాడింది రోడ్డు గురించి. "పైన కొత్తగా తారు ఏసినారు. కూర్చున్నోళ్ళు సదరంగా ఉండాదంటారు. స్టీరింగ్ పట్టుకున్నోడికి తెలస్తాది, సన్నంగా అల ఉండాది. ఎక్కతా దిగతా ఉంటాది, అంతే దూరానికి అంత."

నేను దోసె వదిలేసి లేచాను. ఇన్ని రోజులూ నేను ఒక్క కొండనే చూస్తున్నాను. అటువంటి కొండలను ఒక్కో అంగుళం దూరంలో ఒకటి చొప్పున, అనంతంగా పరిచి, అన్నింటి ఎత్తులూ కలిపితే? ఒక రోడ్డు వస్తుంది. దాదాపు చదునైన రోడ్డు. దాని సగటు ఎత్తు ఒక్క కొండ వైశాల్యంతో సమానం, అంటే రెండు పై వర్గమూలం. కొండల నడినెత్తుల దగ్గర ఆ రోడ్డు ఎత్తే నా పట్టీల కూడిక. అక్కడ అల పైన ఉంటుంది. అందుకే కొంచెం ఎక్కువ. అట్లాగయితే రెండు కొండలకు సరిగ్గా మధ్యన, అర అంగుళం దగ్గర, అల కింద ఉండాలి. అంతే తక్కువ ఉండాలి.

సోమవారం గేటు తెరవకముందే కాలేజీకి పోయి ఫిజిక్స్ సార్ కోసం కాచుకుని కూర్చున్నాను. అర అంగుళాల దగ్గర పట్టీలు నిలబెట్టి కూడమన్నాను. 2.50662826122 వచ్చింది. వేళ్ళతో తీసివేశాను. వర్గమూలానికి పైన ఎంత ఎక్కువో, కింద సరిగ్గా అంతే తక్కువ. ఫిజిక్స్ సార్ ల్యాప్‌టాప్ మూసి, "అబ్బా," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి లెక్కల మీద వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

ఇక అలను విడదీయడం మిగిలింది. ఒకే దూరానికి మళ్ళీ మళ్ళీ వచ్చే ఏ అలనైనా కొసైన్ల మొత్తంగా రాయవచ్చు. ఒక్కో కొసైన్ ఎంత బలంగా ఉందో తెలియాలంటే కొండను దానితో గుణించి వైశాల్యం కట్టాలి. ఆ సమాకలని ఎమ్మెస్సీలో మేడం చేయించిందే. రెండు రోజుల్లో నా చేతికి మళ్ళీ వచ్చింది. పై ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. గుండ్రంగా ఉన్నది కొండ కాదు, మళ్ళీ మళ్ళీ మొదటికొచ్చే ఆ రోడ్డు. శేషం ఇక చిటికెడు కాదు, దానికీ సూత్రం ఉంది. ఈసారి చివరిదాకా రాశాను, ఏ పదాన్నీ వదల్లేదు.

సభ రోజు గుండుకు గంధం ఆరిపోయి సన్నగా గరుకు మొదలైంది. ముందు వరసలో మేడం కూర్చుంది. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతిలో నా సారాంశం కాగితం ఉంది. నేను బోర్డు మీద ఆ సమీకరణం రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, "నేను పంపించింది తప్పు," అని మొదలుపెట్టాను. ఏడు స్థానాలు చూపించాను, ఎనిమిదోది చూపించాను, సవరణల సూత్రంలో నేను ఏం వదిలేశానో చెప్పాను. తరవాత రోడ్డు గీశాను. అల గీశాను. పై వర్గం రెట్టింపు బయటికి వచ్చేసరికి నాకు సభ ఉందన్న సంగతే గుర్తు లేదు.

చివర చిత్తూరు నుంచి వచ్చిన ఒక లెక్చరర్ లేచి అడిగాడు. "ఇంతా చేసి ఒక అంతులేని కూడికను ఇంకో అంతులేని కూడిక చేసినారు మేడం. క్లోజ్ అయినాదని ఎట్లంటారు?"

మంచి ప్రశ్న. నేనూ ఆ రెండు రోజులూ దాని గురించే ఆలోచించాను. "సైన్ కూడా అంతులేని కూడికే గదా సార్," అన్నాను. "దానికి మనం అలవాటు పడ్డాం, పేరు పెట్టి పట్టికల్లో రాసుకున్నాం. అందుకని సైన్ వస్తే జవాబు వచ్చిందంటాం. ఈ కూడికకూ పేరుంది, థీటా ప్రమేయమంటారు. నాకు పది రోజుల కిందట దాన్ని కలిసిన సంగతి కూడా తెలియదు. ఇంకొంచెం అలవాటు పడితే ఇదీ జవాబే అనిపిస్తుందేమో." ఆయన తల ఊపుతూ కూర్చున్నాడు, ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

సభ అయ్యాక మేడం నన్ను తన గదికి పిలిచింది. బల్ల మీద రిజిస్ట్రేషన్ ఫారం ఉంది. నా సారాంశం కాగితం దాని పక్కన పెట్టింది. మొదటి వాక్యం కింద ఎర్ర సిరాతో ఒక సన్నటి గీత ఉంది. పక్కన వేసిన తేదీ నేను పంపించిన మర్నాటిది.

"మీకు అప్పుడే తెలుసా?"

"మొదటి లైను సూస్తానే తెలిసినాది."

"మరి నాకెందుకు చెప్పలేదు మేడం?"

"చెప్పుంటే దిద్దుకోని ఉంటావు. ఈపొద్దు బోర్డు మీద గీసినావే, ఆ అల, అది నీకు దొరికేది గాదు. నాకు దిద్దుకునేవాళ్ళు ఆ నలుగురుండారు. ఎదుక్కునేవాళ్ళు కావాల."

నాకు సంతోషం రావాలి. వచ్చింది కోపం. ఆ ఆరు రోజుల భయం, ఆ సిగ్గు, జ్వరమని అబద్ధం చెబుదామనుకున్న ఆ పూట, అన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. "నేను రాకపోయి ఉంటే? మానేసి ఉంటే?" అని అరిచినంత పని చేశాను. "నేను మానేయబోయాను మేడం. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఏం పోయేది? అన్ని రోజులు నన్నట్లా వదిలేసి చూస్తా కూర్చున్నారా?"

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నెల దినాలు కాసుకున్నందుకే ఇంత కోపమా నీకు? నేను పదిహేడేండ్లు కాసుకున్నా గదే, ఈ సెలవులకు వస్తావు, ఈ సెలవులకు వస్తావని."

ఆమె ఫారం నా వైపు జరిపి, పెన్ను మూత తీసి, నా చేతికిచ్చింది.